ఆ అసైలం మెసేజ్ నాకు ఇంక పంపకండి

ఈ వారంలో ఇది నాలుగోసారండి. ముందు కాలేజీ బ్యాచ్ గ్రూప్‌లో వచ్చింది, తర్వాత కజిన్స్ గ్రూప్‌లో, ఆ తర్వాత రాజోలు పెదనాన్న పంపాడు, నిన్న భీమవరంలో రొయ్యల మేత అమ్మే మా ఫ్రెండ్ కూడా. "అమెరికాలో అసైలం, వీసా అక్కర్లేదు, చదువు అక్కర్లేదు" అని మొదలవుద్ది. అసైలం అంటే సొంత దేశంలో హింసకి భయపడి వచ్చినవాళ్ళకి ఇంకో దేశం ఇచ్చే ఆశ్రయం. అప్పులున్నా చాలు అసైలం వస్తుంది, అప్లికేషన్ ఫ్రీ, వెళ్ళగానే వర్క్ పర్మిట్, కథ మేమే రాసిస్తాం, కేసు ఏళ్ళు నడుస్తుంది కాబట్టి ఎవరూ వెనక్కి పంపరు, సంక్రాంతికి వచ్చి వెళ్ళొచ్చు, ఇవీ పాయింట్లు. కింద ఒక ఫోన్ నంబరు. పంపినవాళ్ళంతా మంచోళ్ళే, ఎవడికో పనికొస్తుందిలే అనుకుని నొక్కేసినవాళ్ళే, అదే నా బాధ.

అప్పుల సంగతి ముందు. అమెరికా చట్టంలో అసైలంకి కారణాలు ఐదే. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గంలో ఉండటం. వీటిలో ఏదో ఒకదాని వల్ల నిన్ను వెంటాడి హింసించి ఉండాలి, లేదా హింసిస్తారన్న గట్టి భయం ఉండాలి, ఆ పని చేసేది ప్రభుత్వమే అయ్యుండాలి, లేదంటే ప్రభుత్వం ఆపలేని, ఆపని మనుషులై ఉండాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు చెరువు గట్ల మీద రైతులు తల పట్టుకుని కూర్చున్నారు, నేనూ చూశాను, మా ఇంట్లోనూ ఆ నష్టం ఉంది. కానీ రొయ్య రేటు పడిపోవడం ఆ ఐదింట్లో ఎక్కడుందండి? ఫైనాన్స్ వాడు ఇంటికొచ్చి అరవడం ఎక్కడుంది? కష్టం నిజమే, ఆ కష్టానికి ఈ చట్టంలో చోటు లేదు.

ఫ్రీ అంటారా, ఒకప్పుడు ఫ్రీయే. 2025 జులైలో చేసిన చట్టంతో అప్లికేషన్‌కి 100 డాలర్లు, పెండింగ్‌లో ఉన్న ప్రతి ఏడాదికీ ఇంకో 100 పెట్టారు. వర్క్ పర్మిట్ వెళ్ళగానే రాదు, అప్లై చేశాక 180 రోజులు కాకుండా ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. ఈ రెండూ వదిలేద్దాం, వీటివల్ల ఎవరి కొంపా మునగదు.

కొంపలు ముంచేది ఆ "కథ మేమే రాసిస్తాం" అన్న ముక్క.

మా పెదనాన్న చిన్నకొడుక్కి, అంటే నాకు తమ్ముడవుతాడు, ఒక ఏజెంట్ రాసిచ్చిన కథ నేను చేత్తో పట్టుకుని చదివాను. రెండు పేజీలు, ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. 2022 మే 24న అమలాపురం గొడవల్లో వీణ్ణి గడియార స్తంభం దగ్గర రాజకీయ కక్షతో కొట్టారంట, మే 27న ఇంట్లో మంచం మీద ఉంటే వాట్సాప్‌లో చంపుతామని వీడియో వచ్చిందంట. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టే గొడవలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టిన రోజు అది, ఇక్కడివాళ్ళం ఎవరం మర్చిపోం. ఆ తర్వాత కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేశారు కదా, వర్క్ ఫ్రం హోం పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం ఊళ్ళు దాటిపోయారు, మరి వీడికి మాత్రం మంచం మీద వీడియో ఎలా వచ్చిందిరా నాయనా? పైగా మే 24న మావాడు పాలకొల్లులో మా చిన్నత్త కూతురి నిశ్చితార్థంలో బంతి మీద పప్పు వడ్డిస్తున్నాడు, నీలం చొక్కా, ఆ ఫొటో ఇప్పటికీ వాడి ఫేస్‌బుక్‌లోనే ఉంది. కోనసీమలో పదో తరగతి పిల్లోడు పట్టేసే అబద్ధాన్ని, రోజూ ఇవే వినే అమెరికా అసైలం ఆఫీసర్ పట్టలేడా?

పట్టుకుంటే ఏమవుద్దో ఆ మెసేజ్‌లో ఉండదు. అసైలం అప్లికేషన్ ఫారం, ఐ-589 అంటారు, దాంట్లో సంతకం పెట్టే పేజీలోనే హెచ్చరిక ఉంటుంది. తెలిసి తెలిసి అసలు విషయంలోనే అబద్ధం రాశావని తేలిందా, ఇక ఆ దేశంలో వీసాలూ గ్రీన్‌కార్డులూ జీవితాంతం బంద్. రేపు మంచి కంపెనీ స్పాన్సర్ చేసినా, అక్కడి పిల్లనే పెళ్ళాడినా అంతే. ఫారం తయారుచేసినవాడి పేరు రాయడానికి కూడా ఒక చోటు ఉంటుంది. మావాడు అడిగితే ఆ ఏజెంట్ "నా పేరు వద్దు, అక్కడ ఖాళీగా వదిలెయ్" అన్నాడంట. 40 లక్షలు తీసుకునే చేతికి ఒక్క సంతకం పెట్టే ధైర్యం లేదు, మరి ఇరవై నాలుగేళ్ళ పిల్లోడితో మాత్రం పెట్టిస్తాడు.

2012లో న్యూయార్క్‌లో ఇలాంటి కథలు రాసే లాయర్లు, గుమస్తాలు, దుబాసీలు కలిపి 26 మంది మీద కేసులు పెట్టారు, చైనావాళ్ళకి రాసిన కథలవి. ఆ తర్వాత వాళ్ళ చేతుల మీదుగా అసైలం వచ్చినవాళ్ళ పాత ఫైళ్ళు కూడా తిరగతోడారు. గెలిచాం కదా అని పడుకోడానికి లేదన్నమాట. మన పిల్లలకి ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? అది వీసా మోసాలు పట్టుకోడానికి అమెరికా ప్రభుత్వమే పెట్టిన దొంగ యూనివర్సిటీ, 2019లో 130 మంది విద్యార్థుల్ని పట్టుకుంటే 129 మంది మన దేశంవాళ్ళే, అందులో ఎక్కువమంది తెలుగోళ్ళు. అప్పుడూ "అందరూ చేస్తున్నారు, ఏం కాదు" అన్న మాటే కదండీ చెప్పింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ మండేది ఇక్కడే. ఊళ్ళో నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. కులం తక్కువ పిల్లాణ్ణి చేసుకుందని సొంత నాన్నే కత్తి పట్టుకుని వెతికే ఆడపిల్లలున్నారు. అలాంటి పిల్ల రేపు అదే ఆఫీసర్ ముందు కూర్చుని వణుకుతూ నిజం చెప్తే, అదే జిల్లా నుంచి అచ్చుగుద్దినట్టు వచ్చిన దొంగ కథలు అప్పటికే పది చదివిన మనిషి ఆమెని నమ్ముతాడా? ఫార్వర్డ్ చేసే ముందు ఆ పిల్ల మొహం ఒక్కసారి తలుచుకోండి.

ఆ మెసేజ్‌లో ఒక లైన్ మాత్రం ముందు తప్పనుకున్నాను, చదివి చూస్తే చాలావరకు కరెక్టే, ఒప్పుకోవాలి. "పెద్దగా సాక్ష్యం లేకపోయినా అడగొచ్చు" అని ఉంది. నిజంగా భయం ఉన్నవాళ్ళకి చట్టం మనం అనుకున్నంత కఠినం కాదు. హింస జరిగే అవకాశం పదింట్లో ఒక వంతున్నా ఆ భయం గట్టిదే కావచ్చని 1987లో వాళ్ళ సుప్రీంకోర్టు అంది, నమ్మేలా ఉంటే ఒక్కోసారి మనిషి మాటే సాక్ష్యంగా సరిపోవచ్చు. అమెరికాలో దిగిన ఏడాదిలోపు అప్లై చెయ్యాలన్న రూల్‌కి కూడా, అక్కడ స్టూడెంట్ వీసా స్టేటస్ సరిగ్గా నిలుపుకున్నవాళ్ళకి కొంత వెసులుబాటు ఉంది. కానీ మనవాళ్ళలో చాలామందిని ఒక ప్రశ్న అడుగుతారు, మీ ఊళ్ళో భయమైతే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండలేవా అని. ఇంత పెద్ద దేశం మనది, చాలామంది కేసు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోద్ది.

ఇక "ఎవరూ వెనక్కి పంపరు" అంట! కోర్టుల్లో 30 లక్షలకి పైగా కేసులు పేరుకున్న మాట వాస్తవం. అలాగని ఎవరూ పంపకపోతే 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో మిలిటరీ విమానం దిగి, చేతులకీ కాళ్ళకీ గొలుసులతో ప్రయాణం చేసి వచ్చిన ఆ 104 మంది ఎవరు? షికారుకెళ్ళొచ్చారా? ఆ ఏడాది జనవరి 20 నుంచి మెక్సికో బోర్డర్ దగ్గర అసైలం అడిగే దారిని దాదాపు మూసేశారు, ఆ మెసేజ్ రాసినవాడు మాత్రం ఇంకా పాత రేటుకే పాత సరుకు అమ్ముతున్నాడు. 2022 జనవరిలో గుజరాత్ డింగుచా ఊరివాళ్ళు నలుగురు, ఇద్దరు పసిపిల్లలతో సహా, కెనడా వైపు నుంచి దాటబోయి మంచులో గడ్డకట్టి చనిపోయారు. వాళ్ళకీ ఎవడో ఏం కాదనే చెప్పుంటాడు.

సంక్రాంతికి రావడం గురించి ఏం చెప్పాలండి. ఇండియాలో అడుగుపెడితే చంపేస్తారు అని రాసిచ్చి, కోడిపందేలకి ఇండియా వస్తావా? కేసు పెండింగ్‌లో ఉండగా పర్మిషన్ లేకుండా దేశం దాటితే అప్లికేషన్ వదిలేసుకున్నట్టే లెక్క, అసైలం వచ్చాక కూడా భయమన్న దేశానికే తిరిగెళ్తే ఉన్నది పీకేయొచ్చు. ఇది తెలియని ఏజెంట్‌కా మనం తోటలు అమ్మి డబ్బులిచ్చేది? కువైట్ వెళ్ళిన మన లంక గ్రామాల ఆడవాళ్ళని ఏజెంట్లు ఎంతమందిని నిలువునా ముంచారో చూసి కూడానా?

పెదనాన్న ఆ రెండు పేజీలూ బీరువాలో పట్టా కాగితాల పక్కన దాచాడు. కొబ్బరితోట ఎకరం బేరం శుక్రవారం. నేను గురువారం సాయంత్రం రాజోలు వెళ్తున్నాను, ఫేస్‌బుక్‌లో ఉన్న ఆ నిశ్చితార్థం ఫొటో ప్రింటు తీయించాను, ఆయన ముందు పెడతాను. నా ఒక్కడి మాట వింటాడో లేదో తెలీదు. ఈ మెసేజ్ నాకు పంపినవాళ్ళలో ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళెవరైనా ఉంటే నాతో రండి.