అందం సరే, ఎండ సంగతేంటి?

అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ డిజైన్ చేసిన రిచర్డ్స్ ల్యాబ్ (వైద్య పరిశోధనల భవనం) మీద మీరు వేసిన వ్యాసంలో దాన్ని ఆకాశానికెత్తేశారు గానీ, లోపల పనిచేసినవాళ్ల పాట్లు ఒక్క ముక్కయినా రాయలేదేంటండీ? మెట్లు, చెడుగాలి పోయే గొట్టాలు అన్నీ ఇటుక టవర్లలోకి నెట్టేసి ల్యాబ్ మధ్యలో స్తంభాల అడ్డు లేకుండా చేయడం గొప్ప ఆలోచనే, కాదనను. కానీ ఆ పెద్ద అద్దాల్లోంచి ఎండ కళ్లలో కొడుతుంటే సైంటిస్టులు కిటికీలకు అల్యూమినియం ఫాయిల్ అంటించుకున్నారు! నేను పీహెచ్‌డీ చేసిన చోటా (పేరెందుకులే) ఇదే తంతు. పడమటి కిటికీకి పాత క్యాలెండర్ షీట్లు, సెల్లోటేపు... మధ్యాహ్నం మూడు దాటితే మానిటర్ మీద ఏమీ కనపడి చచ్చేది కాదు. కాన్ మాత్రం రిచర్డ్స్ ల్యాబ్ అనుభవం నుంచి నేర్చుకున్నట్టే ఉన్నాడు, తర్వాత కట్టిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో పైపులు, డక్టుల (గాలి గొట్టాల) కోసం ప్రతి ల్యాబ్ పైనా ఏకంగా ఒక అంతస్తే వదిలేశాడు.