కార్కసోన్‌లో శివరాత్రి

దక్షిణ ఫ్రాన్సులోని కార్కసోన్ పేరుకు ఒక్క ఊరే గాని, నిజానికి రెండు ఊళ్ళు. ఓద్ నదికి ఇవతల రైల్వే స్టేషనూ, తిన్నని వీధులతో 13వ శతాబ్దిలో వెలిసిన దిగువ పట్టణమూ ఉన్నాయి. అవతల గుట్ట మీద రెండు వరుసల ప్రాకారాలతో, 52 బురుజులతో పాత కోట ఉంది. దిగువన కార్నో కూడలి దగ్గర, మంగళ, గురు, శనివారాల ఉదయం కూరగాయల సంత జరిగే చోట, చవకగా గదులు దొరుకుతాయని టూలూజ్‌లోని మా మిత్రుడు చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా వినక, జన్మకో శివరాత్రి అని నేను కోటలోనే గది తీసుకున్నాను. శివరాత్రికి ఉపవాసం కూడా ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. తిండికి పేరుమోసిన దేశంలో మనకీ మోత ఎందుకని, ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, అటుకులు ఉన్న సంచీని ఆ మిత్రుడి ఇంట్లోనే వదిలేయించి, మా ఆవిడతో రైలెక్కాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మౌనానికి అర్థం నాకు తెలిసి ఉండవలసింది.

పాత వంతెన దాటి, ఓద్ ద్వారం వైపు నిట్టనిలువు దారిలో, గుండ్రాళ్ళు పరిచిన బాట మీద పెట్టెను ఈడ్చుకుంటూ పోతే, మొదటి మలుపులో ఒక చక్రం ఊడి, మేము వచ్చిన దారినే వెనక్కి దొర్లిపోయింది. పైకి చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. అది నవంబరు, తెరిచి ఉన్న ఆ కొద్ది హోటళ్ళలోనూ రెండు గంటలకే వంట కట్టేశారు. ఒకాయన కుర్చీలను బల్లల మీద బోర్లిస్తూ, ఏడు వేళ్ళు చూపించాడు. ఏడు నిమిషాలేమో అనుకుని అక్కడే నిలబడ్డాను. రాత్రి ఏడు గంటలని తేలింది.

దిక్కుతోచక కోటంతా దాటి నార్బొన్ ద్వారం దాకా నడిచాము. అక్కడ దామ్ కార్కస్ అనే రాణి శిలావిగ్రహం ఉంది. కోటను శత్రువులు ముట్టడించి తిండి అడుగంటిన వేళ, మిగిలిన ఒక్క పందికి మిగిలిన గోధుమలన్నీ మేపి ఆమె గోడ మీదినుంచి విసిరిందనీ, పందులకే ఇంత తిండి పెట్టగలవాళ్ళు ఇప్పట్లో లొంగరని శత్రువులు తిరుగుముఖం పట్టారనీ అక్కడి కథ. నేను ఈ కథను విడమరిచి చెప్పడం పూర్తికాకముందే మా ఆవిడ అడిగింది: “ఆవిడ ఉన్న తిండి పారేసి కోటను కాపాడుకుంది. మరి ఆవకాయ వదిలేసి మీరు దేన్ని కాపాడారండీ?”

ఏడు గంటలకు హోటల్లో మొదటి గిరాకీ మేమే. కాసులే అంటే తెల్లచిక్కుడు గింజల వంటకమని ఎక్కడో చదివిన ధీమాతో రెండు తెమ్మన్నాను. మట్టి మూకుళ్ళలో, పైన గోధుమరంగు పెచ్చు కట్టి, అంచుల్లో ఇంకా బుడబుడమంటూ వచ్చాయి. గుడ్డు ముట్టుకున్న చేత్తో కాఫీ ఇచ్చినా తాగని మా ఆవిడ చెంచాతో పెచ్చు పగలగొట్టింది. గింజల అడుగునుంచి ముందు బాతు కాలు, వెనకే పంది మాంసపు సాసేజి పైకి తేలాయి. ఆమె చెంచాను మెల్లగా కింద పెట్టి, మూకుడును నా వైపు జరిపి, రొట్టె బుట్టను తన వైపు లాక్కుంది. కాసులే అద్భుతంగా ఉందన్న మాట ఆ పూట పైకి అనే ధైర్యం నాకు లేకపోయింది.

యాత్రికులు వెళ్ళిపోయాక దీపాల వెలుగులో ఆ బురుజులు చూడవలసినవే. కోటలో గదికి పెట్టిన డబ్బు అక్కడ మాత్రం గిట్టుబాటైంది. సరిగ్గా ఆ సమయానికే మిత్రుడు ఫోను చేశాడు. ఆవకాయ అమోఘంగా ఉందని, కందిపొడి మాత్రం కాస్త ఉప్పు తక్కువైందని మా ఆవిడకు చెప్పమన్నాడు.