ఇంటికొక పంజాబీ కోడలు కావలెను

తెలుగు సంస్కృతిని కాపాడటానికి వేసిన కమిటీలన్నీ తక్షణం రద్దు చేసి, ఆ ఖర్చుతో ఇంటికొక పంజాబీ కోడలిని మంజూరు చేయాలని కోరుతూ ప్రభుత్వం వారికి ఈ వినతి. పంజాబీ దొరక్కపోతే బెంగాలీ అయినా ఫర్వాలేదు. అల్లుడైనా సరే, కాకపోతే ప్రశ్నలు వేసే రకం అయ్యుండాలి. తిని పడుకునే అల్లుళ్ళకు మన దగ్గర కొరత లేదు.

ఈ మాట అనే అర్హత నాకుంది. మా కోడలిది అమృత్‌సర్. ఆ పిల్ల రాకముందు మా కాలనీలో సంప్రదాయం గురించి నా అంత ధారాళంగా మాట్లాడేవాడు లేడు. మన ఆచారాల వెనుక ఉన్న సైన్సు గురించి రోజుకు నాలుగు మెసేజీలు పంపితే గానీ నాకు కాఫీ దిగేది కాదు.

పోయినేడు పెత్రమాస నాడు మా ఆవిడ హాల్లో తంగేడు, గునుగు, బంతి ముందేసుకుని తాంబాళంలో బతుకమ్మ పేరుస్తోంది. కోడలు పక్కన కూర్చుని ఇవాళ్టి బతుకమ్మ పేరేంటని అడిగింది. ఎంగిలిపూల బతుకమ్మ అని చెప్పింది మా ఆవిడ.

"ఎంగిలి అంటే మా జూఠానే కదా అత్తమ్మా? మరి జూఠా పూలతో అమ్మవారిని చేస్తారా?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. ముందురోజే కోసి నిలవ ఉంచిన పూలు కాబట్టి ఎంగిలి అంది పక్కింటావిడ. కాడలు నోటితో తుంచేవాళ్ళు కాబట్టి అంది ఎదురింటావిడ. పై అంతస్తులోని రిటైర్డ్ లెక్చరర్ గారు "అది చాలా లోతైన విషయమమ్మా" అని లోతుకు పోకుండా ఇంట్లోకి పోయారు. నేను మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆ పూలలో ఔషధ గుణాలున్నాయన్నాను. "ఏ గుణాలు మామయ్యా?" అంది. నెట్ సరిగ్గా రావడం లేదన్నాను.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు. అమ్మవారు ఎవరి మీద అలిగింది, ఎందుకు అలిగింది అని అడిగింది. ఆడవాళ్ళు అలగడానికి కారణం ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ తెలియలేదన్నాను. సాయంత్రం దాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. కోడలికి విషయం ప్రాక్టికల్‌గా అర్థమైంది.

సద్దుల నాడు మలీద ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది మా చూరీ!" అని ఎగిరి గంతేసింది. వాళ్ళు రొట్టె చిదిమి నెయ్యి, చక్కెర కలుపుతారట, మనం బెల్లం. అంతే తేడా. తర్వాత ఆట మొదలైంది. మా కాలనీ ఆడవాళ్ళు రెండో చరణం కోసం ఫోన్లు తీశారు. కోడలు మాత్రం చూడకుండా పాడుతూ, వాళ్ళకు "ఉయ్యాలో" అందిస్తోంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొరకు వేమన సంగతి మనవాళ్ళెవరూ చెప్పలేదు, ఒక ఫ్రెంచి పాదిరీ పుస్తకంలో చూశాడు. చూసి ఊరుకోకుండా తాటాకులు పోగేసి, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని 1829లో ఆ పద్యాలు అచ్చు వేయించాడు. 1852లో నిఘంటువు. దొర బొమ్మకు దండ వేస్తాం, సరే. ఆ దొర పక్కన కూర్చుని మన కావ్యాలు సరిచూసిన పండితుడు జూలూరి అప్పయ్య గారి పేరు మనలో ఎందరికి తెలుసు? నాకు తెలుసు. కోడలు చెప్పింది.

ఎంగిలి సంగతి తేలక ఆ పిల్ల చివరికి జనగామ దగ్గర ఊళ్ళో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసింది. నాకెందుకో ఆ ఆలోచనే రాలేదు. "నాయనమ్మా, మీరు ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అని అడుగుతుంటే స్పీకర్లో అమ్మ గొంతు వినిపించింది.

"ఇన్నేండ్ల సంది ఒక్కలన్న అడిగిన్రా బిడ్డా? ముందుగాల పువ్వుల పేర్లు రాస్కో."

గంటన్నర మాట్లాడుకున్నారు. నేను పక్క గదిలో టీవీ సౌండ్ తగ్గించుకుని పేపర్ చదువుతున్నట్టు కూర్చున్నాను. పాటలు, పూలు, చెరువు కట్ట, ఎవరెవరు ఏ నైవేద్యం తెచ్చేవారు, అన్నీ నోట్‌బుక్కులోకి ఎక్కాయి.

ఈ ఏడు బతుకమ్మ విశిష్టత మీద పది నిమిషాలు మాట్లాడమని కాలనీ అసోసియేషన్ వారు నన్నే అడిగారు. ధైర్యంగా ఒప్పుకుని ఆ నోట్‌బుక్ అరువు తీసుకున్నాను. తెరిచి చూస్తే మొత్తం వాళ్ళు పంజాబీ రాసుకునే గురుముఖి లిపిలో ఉంది.

ప్రస్తుతం ఆ అక్షరాలు దిద్దుకుంటున్నాను. వాళ్ళ వరసలో మొదటిది ఊడా. ఉయ్యాలో రాయాలంటే దానితోనే మొదలుపెట్టాలట.