బొమ్మ కంటే ఫైలే ముఖ్యమాయె!

ఎం.ఎఫ్.ఏ. (బొమ్మలు, శిల్పాల అసొంటి కళల పీజీ కోర్సు) అప్లికేషనంటే ముందు మనం చేసిన బొమ్మలు చూస్తరనుకుంటం. కాదు, ఫైలు సైజు! మనం చేసిన పదిహేను బొమ్మల ఫొటోలు ఒక్క పీడీఎఫ్‌ల పెట్టాలె, 10 ఎంబీ దాటొద్దట. నల్గొండ క్లాక్ టవర్ కాడి నెట్ సెంటర్ల ఇస్తే ఒక్క నొక్కుతోని కుదిస్తరు. చార్‌కోల్ (బొగ్గు) గీతలన్నీ గళ్లుగళ్లయి అలుక్కుపోతయ్. ముందుగాల ఒక్కో ఫొటోను పొడుగు దిక్కు 1600 పిక్సెళ్లకు తగ్గించి, ఆ తర్వాతనే పీడీఎఫ్ చేయాలె.

ఆయిల్ పెయింటింగును ఫ్లాష్‌తోని తీస్తే నడుమ తెల్లటి మెరుపే మిగులుతది. నీడపట్టున పెట్టి, కెమెరాను బొమ్మ మధ్యకు ఎదురుంగ పట్టాలె. ఇన్‌స్టలేషన్ (జాగల వస్తువులు అమర్చి చేసే కళ) పక్కన మనిషి నిలబడ్డ ఫొటో ఒక్కటన్న లేకపోతే అది అగ్గిపెట్టెంతనో అర్రంతనో చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తది?

ఇగ స్టేట్‌మెంటు, అంటే మన కళ గురించి మనమే రాసిచ్చేది. 500 పదాలు రాయమంటరు, పెట్టె మాత్రం 2000 అక్షరాలకే ఆగిపోతది. స్పేసులు సుత లెక్కేనట!