ముందు మీ పిల్లి సంగతి చెప్పండి

రెండేళ్ల కిందట నవంబరులో ఒక గురువారం సాయంత్రం, ఎంతో ఇష్టంగా కుట్టిన టేబుల్ రన్నర్‌ని బల్ల మీద పరిచాను. రెండు పక్కలా నారాయణపేట చీర అంచు, మధ్యలో పెడన కలంకారీ ముక్కలు, చివర్లలో వరసగా చిన్న చిన్న ఇత్తడి గజ్జెలు. హ్యూస్టన్ శివారులో మా పేట లైబ్రరీ గదిలో పదకొండు మందిమి కూర్చుని, డిసెంబరులో ఒకరికొకరం ఇచ్చుకోబోయే కానుకలు తయారు చేసుకుంటున్నాం. అందరూ చాలా బాగుందన్నారు. మాలో పెద్దావిడ మాత్రం గజ్జెలని వేలితో మెల్లగా కదిపి చూసి, "ఇది ఎవరికో నాకు చెప్పొద్దు కానీ, వాళ్లింట్లో పిల్లి ఉందా?" అని అడిగారు.

ఉంది. చీటీల్లో నాకు వచ్చిన పేరు మాలో కొత్తగా చేరిన ఒక నర్సుది. ఆవిడ దగ్గర ఏడు నెలల పిల్లిపిల్ల ఉంది. షూ లేసులు, కిటికీ బ్లైండ్స్ తాళ్లు, ఏది దొరికితే అది నమిలేస్తుంది. ఆ కబుర్లు మూడు వారాల నుంచీ వింటున్నాను, నవ్వుతున్నాను. కానీ విన్నదాన్నీ నా చేతిలో ఉన్న పనినీ కలిపి చూసుకోలేదు.

పెద్దావిడ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పుకొచ్చారు. పిల్లి నాలుక మీద ముళ్లలాంటివి ఉంటాయి. అవన్నీ గొంతు వైపుకే వంగి ఉంటాయి. అందుకే దారం నోట్లోకి వెళ్లిందంటే ఉమ్మడం దానికి కష్టం, మింగేస్తుంది. ఒక కొస నాలుక కిందో పొట్టలోనో చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి జారితే, పావడా బొందు లాగినప్పుడు గుడ్డ కుచ్చిళ్లు పడ్డట్టు పేగంతా ఆ దారం మీదికి ముడుచుకుపోతుంది. పేగు తెగే ప్రమాదం కూడా ఉంది. దారం కొస నోట్లోంచి కనిపించినా, వెనక నుంచి కనిపించినా మనం లాగకూడదు. వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆవిడ పిల్లి ఒకటి ఒకసారి సూదితో సహా మింగి ఆపరేషన్ దాకా వెళ్లి బతికిందట. అప్పటి నుంచీ ఆవిడ కుట్టు మధ్యలో మంచినీళ్లకి లేచినా సరే, సూది డబ్బాలో పెట్టి మూత వేశాకే లేస్తారు.

ఆ రాత్రి గజ్జెలన్నీ ఒక్కొక్కటిగా విప్పేశాను. ఇరవై నాలుగు. వాటి చోట అంచుని లోపలికి మడిచి దగ్గర దగ్గర కుట్లు వేశాను. ఎక్కడా దారం కొస పైకి తేలకుండా ముడులన్నీ పొరల మధ్యకి లాగేశాను. రన్నర్ అందం కాస్త తగ్గిన మాట నిజమే. కానీ ఆవిడ కోసం నేను నిజంగా కుట్టింది ఆ రాత్రే.

ఇదంతా మన తెలుగు సంఘం పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మన పండగల్లో పంచుకునే కానుకల గురించి నాకు చాలాకాలంగా ఒక బాధ ఉంది. రిటర్న్ గిఫ్ట్ అని వందల లెక్కన ఒకేలాంటి సంచులు తెప్పిస్తాం. గుమ్మం దగ్గర టేబుల్ మీద పేర్చి, వెళ్లేవాళ్ల చేతిలో తలా ఒకటి పెడతాం. ఎవరికిచ్చామో మనకి గుర్తుండదు, ఎవరిచ్చారో వాళ్లకి గుర్తుండదు. వచ్చే సంక్రాంతికైనా దాన్ని ఆపి, చేత్తో చేసిన కానుకలు చీటీలు తీసి మార్చుకోవాలని నా కోరిక. అంతకంటే ఎక్కువగా, అవి తయారు చేసుకునే నాలుగు సాయంత్రాలు మనం ఒకచోట కూర్చుని కుక్కల గురించీ పిల్లుల గురించీ తీరిగ్గా మాట్లాడుకోవాలని కోరుకుంటున్నాను.

కుక్కల కబుర్లకి టైమెక్కడిది అని ఇప్పటికే నలుగురు అన్నారు. మన సమావేశాల్లో కొత్త మనిషి కనిపిస్తే మనం మొదట అడిగేవి ఏంటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏ కంపెనీ? ఇల్లు కొన్నారా? గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చింది? పిల్లలు ఏ కాలేజీ? నెల కిందటే ఉద్యోగం పోయినవాళ్లకి ఆ మొదటి ప్రశ్నే గుండెల్లో గుచ్చుకుంటుంది. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్4 వీసాతో ఉండి, చదువుండీ ఇంట్లో కూర్చున్న అమ్మాయి దానికి ఏం చెప్పాలి? పిల్లలు లేనివాళ్లు చివరి ప్రశ్న దాకా రాకముందే ప్లేటు పట్టుకుని పక్కకి వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాళ్లని నేను చూశాను. "మీ పిల్లి ఎలా ఉంది?" అన్న ప్రశ్నకి మాత్రం ఎవరైనా జవాబు చెప్పగలరు. పిల్లి లేనివాళ్లు చిన్నప్పటి కుక్కపిల్ల గురించి చెబుతారు. అదీ లేకపోతే పెరట్లో పిచ్చుక గూడు గురించి చెబుతారు. ఆ లైబ్రరీ గదిలో నా జీతం ఎంతో, మా ఇల్లు ఎంత పెద్దదో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా చిలక పోయినప్పుడు మాత్రం ముగ్గురు ఇంటికి వచ్చారు.

కుట్టేవాళ్లకి ఈ కబుర్లతో పని కూడా ఉంది. కానుకలు మార్చుకునే ముందు ప్రతి ఒక్కరూ ఒక కాగితం నింపుతారు. ఏ రంగులిష్టం, ఏవి అస్సలు ఇష్టం ఉండవు, ఇంట్లో సిగరెట్ కాలుస్తారా, పెంపుడు జంతువులున్నాయా, ఎలర్జీలున్నాయా. పిల్లి వెంట్రుక పడనివాళ్లు ఉంటారు కాబట్టి, పిల్లులున్న ఇంట్లో కుట్టేవాళ్లు గుడ్డలు మూత ఉన్న డబ్బాలో దాచుకుంటారు, పొర మీద పొర పరిచే ముందు లింట్ రోలర్‌తో ఒకటికి రెండుసార్లు తుడుస్తారు. పొరల మధ్య ఇరుక్కున్న వెంట్రుక ఒకసారి కుట్టేశాక ఎలా వస్తుంది? కుట్టేది పెద్దదేమీ కానక్కర్లేదు. గజం గుడ్డని నాలుగు చేస్తే వచ్చే 18 అంగుళాలు, 22 అంగుళాల ముక్కని ఫ్యాట్ క్వార్టర్ అంటారు. అలాంటివి రెండుంటే కాఫీ కప్పూ రెండు బిస్కెట్లూ పట్టే మగ్ రగ్గు, ఒక పిన్ కుషన్ వచ్చేస్తాయి. కాగితంలో ఉండేది ఎలర్జీల వరకే. ఎవరి పిల్లి దారాలు నములుతుందో, ఎవరి కుక్క ఉరుములకి భయపడి బల్ల కింద దూరుతుందో చేతులు పనిలో ఉన్నప్పుడు మాటల్లోనే బయటికొస్తుంది.

పోయినేడు అమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. మేమిద్దరం ఉద్యోగాలకి, పిల్లలు బడికి వెళ్లాక అమ్మకి ఇక్కడ తోడు టీవీయే. ఒక గురువారం బతిమాలి లైబ్రరీకి తీసుకెళ్లాను. ఇంగ్లీషు రాదు కదా, గోడ పక్క కుర్చీలో కొంగు కప్పుకుని కూర్చుంది. గజ్జెల సంగతి చెప్పిన పెద్దావిడ వెళ్లి పక్కన కూర్చుని ఫోన్‌లో తన కుక్క ఫొటో చూపించారు. ఆవిడ ఒంటరి మనిషి. ఆ కుక్కకి పధ్నాలుగేళ్లు, తుంటి కీళ్లు అరిగిపోయి లేవడానికి అవస్థ పడుతోంది. కుక్క ఇంట్లో తిరగడమంటేనే అమ్మకి పడదు. ముఖం తిప్పుకుంటుందేమోనని నాకు టెన్షన్. అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "నేల మీదే పడుకుంటుందా? చెక్క నేల కదే, దానికి చలెయ్యదూ?" అంది.

తర్వాత తన గేదె గురించి చెప్పడం మొదలుపెట్టింది. లచ్చి. నేను కాలేజీలో ఉండగా ఈనలేక చచ్చిపోయింది. దూడ బతికితే సీసాతో పాలు పట్టిందట, రాత్రిళ్లు కొట్టంలోనే నవారు మంచం వేసుకుని పడుకుందట. ఇవేవీ నాకు తెలియవు. నేను ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నాను, మధ్యలో అమ్మ గొంతు పూడుకుపోయింది. నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, ఆ గదిలో గేదె కోసం ఏడ్చింది. నేను చెప్పకముందే పెద్దావిడ అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున లేచేసరికి హాల్లో సోఫాలు గోడకి జరిపేసి ఉన్నాయి. తన మంగళగిరి చీరలు రెండు, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడినవి, అమ్మ నేల మీద మడతలు వేసి పరిచింది. మూలల్లో కదలకుండా కందిపప్పు డబ్బాలు పెట్టింది. చుట్టూ ముందు పొడుగు టాకాలు వేసుకుంది. తర్వాత అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ, వరస వెంట వరస లోపలికి కుట్టుకొచ్చింది. గీత గీయలేదు, స్కేలు పెట్టలేదు. వేలి వెడల్పే కొలత. ఇక్కడ పొరల మధ్య పెట్టే బ్యాటింగ్ కొనుక్కొస్తానంటే వద్దంది. "లోపల దూది పెడితే తడిసినప్పుడు ఓ పట్టాన ఆరదు. ముసలి ప్రాణం, తడుపుకోవడం మామూలే కదా" అంది. ఒక్క ఫొటో చూసి ఆ కుక్క గురించి అమ్మ అంత ఆలోచించింది.

క్విల్ట్ అంటే మనది కాని పని అని వెనకాడేవాళ్లకి ఒక మాట. మన ఇళ్లలో బొంత అనేది అదే. పాత బట్టల్ని పొరలుగా వేసి కుట్టుకోవడం. పదిహేడో, పద్దెనిమిదో శతాబ్దాల్లో మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన అద్దకం గుడ్డలకి ఐరోపాలో ఎంత గిరాకీ ఉండేదంటే, తమ నేతవాళ్ల బతుకులు పోతున్నాయని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1721లో వాటిని నిషేధించాయి. దొరికిన కొద్ది గుడ్డలోంచి పువ్వునీ పిట్టనీ కత్తిరించి తెల్లగుడ్డ మీద అతికి కుట్టుకునే పద్ధతి అక్కడి నుంచి అమెరికాకీ వచ్చింది. ఇక్కడి పాత క్విల్ట్‌లలో ఇప్పటికీ కనిపిస్తుంది. అలబామాలో జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి ఆడవాళ్లు చిరిగిన పనిబట్టలతో కుట్టుకున్న క్విల్ట్‌లని 2002లో మన హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో తపాలా బిళ్లల మీద అచ్చువేశారు. వాటి ఫొటోలు చూపిస్తే అమ్మ, "ఇవి మన బొంతలే కదే" అంది.

నేను అడుగుతున్నది ఇంతే. దీపావళి అయ్యాక చీటీలు వేసుకుందాం. సంక్రాంతిలోపు నాలుగు శనివారాలు ఎవరింట్లోనో, లైబ్రరీ గదిలోనో కూర్చుందాం. కుట్టు రానివాళ్లు వచ్చి గుడ్డలు కత్తిరించండి, సూదుల్లో దారాలు ఎక్కించండి. మగవాళ్లూ రండి, మా గదిలో క్విల్ట్ అంచు చుట్టూ కుట్టే పట్టీని, అంటే బైండింగ్‌ని, అందరికంటే నీటుగా వేసేది ఒక రిటైరైన ప్లంబర్. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తప్పకుండా తీసుకురండి. వాళ్ల ఆవులు, ఎద్దులు, కోళ్లు అన్నీ ఈ కబుర్లలోకి వస్తాయి. కానుకలు కనుమ రోజున ఇచ్చుకుందాం. ఆ రోజు మన ఊళ్లలో పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, మెడలో గజ్జెల పట్టెడలు కడతారు. ఇక్కడ మనకి కనుమ అంటే గారెలు మాత్రమే మిగిలాయి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఎవరూ తొందరపడి వెళ్లిపోనక్కర్లేదు.

ఇంకొకటి. కత్తిరించగా మిగిలిన పీలికలు పారేయొద్దు. మేం వాటిని చిన్న చిన్న ముక్కలు చేసి, పాత దిండు గలీబుల్లో నింపి, నోరు గట్టిగా కుట్టేసి, దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ ఉంచే షెల్టర్‌కి పరుపులుగా ఇస్తాం. పొడుగు దారాలు మాత్రం అందులో వేయకూడదు, ఎందుకో పైన రాశాను. కుక్కంటే మడి పోతుందనుకునే పెద్దలు కూడా గలీబు నింపడానికి అభ్యంతరం చెప్పరని నా నమ్మకం. మా ఊళ్లో అమ్మ గుమ్మం దాటి రానివ్వని కుక్కకి కూడా రోజూ ముద్ద పెట్టకుండా తను తినేది కాదు.

పోయిన వారం పెద్దావిడ ఒక ఫొటో పంపారు. కుక్క బొంత మీద, మంగళగిరి నీలం అంచు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. గుడివాడకి వాట్సాప్‌లో పంపాను. ఐదు నిమిషాల్లో అమ్మ ఫోన్ చేసింది. "ఎడమ మూల చూశావా? దారం కొస పైకి తేలింది. కుక్క నోట్లో పెట్టుకుంటుందేమో. లోపలికి లాగి ముడేసుకోమని ఆ అక్కయ్యగారికి ఇప్పుడే చెప్పు."