ఎస్ఎంపీఎస్ గారి పరువు

ఈ మధ్య పిల్లల్లో ఒక చెడ్డ అలవాటు బయలుదేరింది. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కొత్తగా కొన్నాక పెద్ద గేముల్లో క్రాష్ అయితే చాలు, ఎస్ఎంపీఎస్‌ను, అంటే కంప్యూటర్‌లోని భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బాను, అనుమానిస్తున్నారు. కార్డుకు అది కరెంటు సరిగ్గా అందించడం లేదట! ఏళ్ల తరబడి నోరు మెదపకుండా ఇంటి కంప్యూటర్‌ను నడిపిన పెద్దమనిషిని, నిన్నగాక మొన్న కొరియర్‌లో దిగిన కార్డు కోసం బోనెక్కించడం ఎంతవరకు సబబు? ఈ ధోరణిని ఖండించక తప్పడం లేదు.

ముందుగా కేసు వివరాలు. మా మేనల్లుడు ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 5070 కార్డు కొన్నాడు. దగ్గర దగ్గర 60 వేలు అయింది. యూట్యూబ్ చూస్తే ఏ గొడవా లేదు. వాలరెంట్ లాంటి తేలిక గేమ్ ఆడితే ఏ గొడవా లేదు. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన గేమ్ పెట్టి, వెలుగునీడలను నిజంలా చూపించే రే ట్రేసింగ్ ఆన్ చేసి, కారెక్కి నాలుగు సందులు తిరిగేలోపు స్క్రీన్ నల్లబడుతుంది. క్యాబినెట్ లోపల టిక్కుమని చిన్న చప్పుడు. ఆ తర్వాత కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. కార్డు రాకముందు ఇల్లు ప్రశాంతంగా ఉంది, వచ్చాక లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఎస్ఎంపీఎస్ సంగతీ చెప్పాలి. అది 2017లో మా బావగారు క్యాబినెట్ కొన్నప్పుడు దాంతోపాటే వచ్చింది. ఆ తర్వాత మదర్‌బోర్డు మారింది, ప్రాసెసర్ మారింది, ర్యామ్ మారింది. ఎస్ఎంపీఎస్ మాత్రం మారలేదు. "క్యాబినెట్ కొంటే ఫ్రీగా ఇచ్చాడు, ఇప్పటిదాకా ఒక్క రిపేరు లేదు" అని బావగారు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతూనే ఉంటారు. కాబట్టి దాన్ని శంకించడమంటే ఆ బేరాన్ని శంకించడం, ఆ బేరాన్ని శంకించడమంటే బావగారిని శంకించడం. కార్డుల కంపెనీవాళ్లకు మన ఇళ్ల సంగతి తెలియదు. తెలిస్తే 5070కి కనీసం 650 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని అంత కరాఖండిగా రాసేవారు కాదు.

ఇలాంటి ఆపద వచ్చినప్పుడు ఏం చేయాలో మన పెద్దలు ఒక క్రమం పెట్టి పోయారు. మొట్టమొదట విండోస్ ఫార్మాట్ చేయాలి. కారణం అడక్కూడదు. తర్వాత ర్యామ్ బయటికి తీసి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్లు రుద్ది మళ్లీ పెట్టాలి. తర్వాత సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్‌ను, అంటే కార్డును విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామును, ఆనవాలు లేకుండా తుడిచి, కొత్త డ్రైవర్ వేయాలి. అదీ కుదరకపోతే అంతకుముందు డ్రైవర్ వేయాలి. కంప్యూటర్‌ను నిద్రలేపే బయాస్‌ను అప్‌డేట్ చేయాలి. ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపించే ఎక్స్ఎంపీ సెట్టింగు ఆపి, వేగం తగ్గించి చూడాలి. వీటిలో పనికొచ్చేవీ ఉన్నాయని ఒప్పుకుంటాను, ముఖ్యంగా డీడీయూ. పాత కార్డు ఒక కంపెనీది, కొత్త కార్డు ఇంకో కంపెనీది అయినప్పుడు అది చేయకపోతే డ్రైవర్లు రెండూ కొట్టుకు చస్తాయి. ఈ క్రమంలో అసలు అందమేమిటంటే, ఇవన్నీ చేస్తున్నంతసేపూ ఎస్ఎంపీఎస్ జోలికి ఎవరూ పోరు.

ఇవన్నీ అయ్యాక మావాడు ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. విండోస్‌లో జరిగిన ప్రతి దుర్ఘటనా అందులో నమోదవుతుంది. ఎర్ర గుర్తుతో కెర్నల్-పవర్, నంబరు 41 అని కనిపించింది. లోపల రాసింది ఏమిటయ్యా అంటే, కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ ఆన్ అయిందట. అది మేమూ చూశాం. మావాడు మాత్రం దాన్ని పట్టుకుని లాయర్‌లా వాదన మొదలుపెట్టాడు. "మామయ్యా, కార్డు డ్రైవర్ తప్పయితే 4101 అని రావాలి. గేమ్ ఒక్కటే మూసుకుని డెస్క్‌టాప్ కనబడాలి. ఇక్కడ మొత్తం కంప్యూటరే రీస్టార్ట్ అవుతోంది. ఇది కరెంటు గొడవే."

ఈ 4101 వెనుక కథ కూడా వినదగ్గదే. గ్రాఫిక్స్ కార్డుకు పని అప్పజెప్పాక విండోస్ రెండంటే రెండు సెకన్లు చూస్తుంది. ఆలోపు జవాబు రాకపోతే డ్రైవర్‌ను బలవంతంగా రీసెట్ చేస్తుంది. దీన్ని టీడీఆర్ అంటారు, విస్టా కాలం నుంచీ ఉంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి ఆ గడువు పెంచుకునేవాళ్లూ ఉన్నారు. రెండేళ్లుగా ఫైలు కదలని ఆఫీసులు ఎన్నో చూసిన నాకు, రెండు సెకన్లకే ఓపిక నశించే ఈ వ్యవస్థ మీద ఏ గౌరవమూ కలగలేదు.

కార్డే దోషి అనడానికి చరిత్రలో సాక్ష్యాలు వెతికాను. 2021 జులైలో న్యూ వరల్డ్ అనే గేమ్ బీటా, అంటే విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చిన రూపం, ఆడుతుండగా కొందరి ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు ఏకంగా చచ్చిపోయాయి. తర్వాత ఈవీజీఏ కంపెనీ తన కార్డులు కొన్నింటిలో సోల్డరింగ్ సరిగ్గా లేదని చెప్పింది. చూశారా! కార్డుదే తప్పు. ఈ ఉదాహరణను పాఠకులు బాగా గుర్తుపెట్టుకోవాలి.

వెతుకులాటలో దొరికిన మిగతా రెండు ఉదాహరణలూ నిజాయితీ కోసం చెబుతున్నాను, వేగంగా చదివి వదిలేయండి. 2020 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 3080 వచ్చిన కొత్తలో గేముల్లో క్రాష్‌లు మొదలయ్యాయి. కార్డు వెనకాల కరెంటును నిలకడగా ఉంచే బుల్లి భాగాలు, అంటే కెపాసిటర్లు, ఏ రకానివి వాడారన్నది ప్రపంచ సమస్య అయి కూర్చుంది. అంతవరకు కెపాసిటర్ ముఖం చూడనివాళ్లు కూడా వాటి రకాల మీద తీర్పులిచ్చారు. ఆ నెలాఖరుకు ఎన్‌విడియా 456.55 అనే డ్రైవర్ విడుదల చేసింది, చాలామందికి క్రాష్‌లు ఆగిపోయాయి. ఇక 2024 సంగతి మరీ అన్యాయం. గేమ్ మొదలుపెడితే 'వీడియో మెమరీ చాలడం లేదు' అని ఎర్రర్. జనం పాపం కార్డులను తిట్టారు, తిప్పి పంపారు. చివరికి చాలా కేసుల్లో దొంగ ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ అని తేలింది. అవసరానికి మించిన వోల్టేజీతో అది లోలోపల దెబ్బతింటోంది. ఆగస్టులో ప్రాసెసర్ లోపలి ఆదేశాలను సరిదిద్దే మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీ మరో రెండేళ్లు పెంచారు. ఎర్రర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే దోషి అనే మన సనాతన సూత్రానికి ఇంత పెద్ద దెబ్బ ఇంతకుముందు తగల్లేదు.

ఇంతలో మావాడు హద్దు మీరాడు. క్యాబినెట్ పక్క రేకు విప్పాడు. ఆ క్యాబినెట్ ఉండేది కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో, తలుపు వేసి. పైన మా అక్క కుట్టిన పువ్వుల గుడ్డ. గాలి ఎటు నుంచి వస్తుందని అడిగితే దుమ్ము పడకూడదు కదా అంటుంది అక్క. వేడి మీద కాసేపు అనుమానం నడిచింది. అయితే వేడెక్కిన కార్డు ముందు తన వేగం తగ్గించుకుంటుంది, ఇలా టిక్కుమనిపించి మొత్తం ఆపేయదు. తలుపు తీసి, గుడ్డ తీసి ఆడినా కథ మారలేదు. గుడ్డ మళ్లీ యథాస్థానానికి వెళ్లింది.

అప్పుడు ఫోన్ టార్చ్ వేసి ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ చదివాడు. పైన అరచేయంత అక్షరాల్లో 500. కింద చీమ తలంత అక్షరాల్లో ఒక పట్టిక. అందులో 12 వోల్టుల గడిలో 24 ఆంపియర్లు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది ఆ 12 వోల్టుల లైను నుంచే. 12 ఇంటూ 24, మొత్తం 288 వాట్లు. కార్డు ఒక్కటే 250 తీసుకుంటుంది, ప్రాసెసర్‌కు ఇంకో వంద వేసుకోండి. మరి 500 అని ఎందుకు రాశారని వాడు నన్ను అడిగాడు. పెళ్లి పత్రిక మీద ఉన్న డిగ్రీలన్నీ మనం ఆరా తీస్తామా? గౌరవం కోసం రాసుకుంటారు.

వైర్ల సంగతి చూస్తే నాకే కొంచెం మాట పడిపోయింది. కార్డుతో వచ్చిన అడాప్టర్‌కు 8 పిన్నుల ప్లగ్గులు రెండు కావాలి, ఒక్కోటీ 150 వాట్లు మోయాలి. మన పెద్దాయన దగ్గర ఉన్నది ఒక్కటే. రెండోదాని కోసం, ఒకప్పుడు హార్డ్‌డిస్కుకు కరెంటిచ్చే 4 పిన్నుల వైరుకు షాపులో 150 రూపాయలు పెట్టి కొన్న కన్వర్టర్ తగిలించి ఉంది. గేమ్ ఆడుతున్నప్పుడు ఆ ప్లగ్గు పట్టుకుంటే చేతికి వేడి తగిలింది. వెంటనే పీకించాను. ఇందులో మాత్రం నాకు వ్యంగ్యం లేదు, ఆ కన్వర్టర్లతో ఇళ్లు అంటుకుంటాయి.

ఆ టిక్ చప్పుడుకూ మావాడి దగ్గర వివరణ ఉంది. గేమ్‌లో పెద్ద పేలుడో కొత్త వీధో వచ్చినప్పుడు కార్డు సెకనులో వెయ్యో వంతు సేపు తన మామూలు వాటాకు మించి కరెంటు లాగుతుందట. అది చూసి ఎస్ఎంపీఎస్ ఆత్మరక్షణ కోసం తనను తాను ఆపేసుకుంటుందట. అందుకే ఎస్ఎంపీఎస్‌ల తయారీకి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 నిబంధనల్లో, పెద్ద కార్డుల కోసం చేసే ఎస్ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు పోటును 100 మైక్రోసెకన్లపాటు ఓర్చుకోవాలని పెట్టారు. నా అభ్యంతరం చట్టపరమైనది. 2017లో ఇంటికొచ్చిన పెద్దమనిషికి 2022 నాటి రూలును వెనకటి తేదీ నుంచి ఎలా వర్తింపజేస్తారు?

ఆ కన్వర్టర్ పీకించకముందు, మధ్యలో యూపీఎస్ మీద కూడా నింద పడింది. దాని మీద 600 అని ఉంటుంది. అది వాట్లు కాదు, వీఏ, అంటే వోల్ట్-ఆంపియర్లు. వాట్లలో 360 మాత్రమే అని కింద ఇంకో చిన్న స్టిక్కర్. గేమ్ ఆడితే అదీ బీప్‌మని ఏడుస్తోంది. దాన్ని తప్పించి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి ఆడినా క్రాష్ ఆగలేదు కాబట్టి ఈ కేసులో నిర్దోషిగా బయటపడింది.

అసలు వివాదం ముదిరింది కూడా అప్పుడే, కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ దగ్గర. అందులో కార్డు ఎంత కరెంటు లాగొచ్చో చెప్పే పవర్ లిమిట్ అనే గీత ఉంటుంది. దాన్ని 80 శాతానికి జరిపి ఆడితే క్రాష్ లేదు. వంద చేస్తే మళ్లీ టిక్. దీన్నిబట్టి కరెంటు చాలడం లేదని మావాడు అన్నాడు. బావగారు మాత్రం, "చూశావా, కార్డు కాస్త అణకువగా ఉంటే అంతా బాగానే ఉంటుంది. అలాగే ఉంచెయ్" అన్నారు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన వస్తువు పరువు కోసం 60 వేల వస్తువును జీవితాంతం తలవంచుకుని బతకమనడం నాకు ఎంతో న్యాయంగా తోచింది.

మావాడు వినలేదు. ఫ్రెండ్ దగ్గర 750 వాట్ల ఎస్ఎంపీఎస్ అరువు తెచ్చి బిగించాడు. మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళ దాకా ఆడాడు. ఒక్క క్రాష్ లేదు.

"ఇవాళ మబ్బు పట్టింది కదా, చల్లగా ఉంది" అన్నారు బావగారు.

తీర్పు ఇచ్చింది మా అక్క. "ఆ డబ్బా ఎంతరా?" అంది. 7 వేలు అన్నాడు. 80 ప్లస్ గోల్డ్ అని కూడా చెప్పాడు. ఆ గోల్డ్ గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి వెళుతుందో చెప్పే గుర్తేనని, ఎంత బరువు మోస్తుందో దాన్నిబట్టి తెలియదని నేను వివరించబోయాను. బంగారం మాట చెవిన పడ్డాక మా ఇంట్లో వివరణలు ఎవరూ వినరు. రాత్రికల్లా ఆర్డర్ పెట్టేశారు.

బావగారు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. పాత ఎస్ఎంపీఎస్‌ను పారేయడానికి వీల్లేదు. "బంగారంలాంటి వస్తువు. మీ మామయ్య కంప్యూటర్‌లో పెట్టు. ఆయన వ్యాసాలే కదా రాసుకునేది, గేములు ఆడడుగా" అన్నారు. అన్నాళ్లూ దాని తరఫున వాదించిన నేను కాదనలేకపోయాను.

ఈ వ్యాసం దాని మీదే టైపు చేస్తున్నాను. భేషుగ్గా పనిచేస్తోంది. ప్రతి వాక్యం తర్వాత కంట్రోల్ ఎస్ నొక్కుతున్నానంటే, అది నా పాత అలవాటు మాత్రమే.