హెబియస్ కొట్టేశాక అప్పీలు ఎప్పుడు వింటారు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎర్రచందనం కేసుల్లో దొరికిన మనిషికి బెయిల్ వచ్చినా, పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టి మళ్లీ జైలుకు పంపడం కొత్త కాదు. 1986 నాటి ఈ చట్టం కింద నేరం రుజువు కాకుండానే ఏడాది దాకా లోపల ఉంచొచ్చు. ఇంటివాళ్లకు మిగిలేది హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే అక్రమంగా నిర్బంధించిన మనిషిని విడిపించమని అడిగే రిట్. అది కొట్టేస్తే సుప్రీంకోర్టు. దారి ఉంది, నిజమే. ఆ దారి పూర్తయ్యేలోపు ఏడాది గడిచిపోతుండటమే నా బాధ.

కాకినాడ నాటుసారా కేసే చూడండి. 2022 ఆగస్టులో ఒక వ్యక్తిపై కలెక్టర్ నిర్బంధ ఉత్తర్వు ఇచ్చారు. హైకోర్టు రిట్ కొట్టేసింది. అప్పీలు మీద సుప్రీంకోర్టు తీర్పు 2023 ఆగస్టు 16న వచ్చింది, అదీ వ్యతిరేకంగానే. నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే అడ్వైజరీ బోర్డు సరేనన్నాక మూణ్నెల్లకోసారి ఉత్తర్వు పొడిగించాల్సిన పనిలేదని తేల్చింది. ఒకవేళ అతనే గెలిచి ఉంటే? దక్కేవి కొద్ది రోజులే.

ఎర్రచందనం పీడీ కేసుల్లో లాయర్లు మొదట చూసేది అడవిని కాదు, కాగితాలను. ఉత్తర్వు, ఎఫ్‌ఐఆర్ నకళ్లు, పంచనామాలు కలిపిన కట్టను జైల్లో చేతికిచ్చి, ముట్టినట్టు వేలిముద్ర తీసుకుంటారు. తమిళనాడులోని జవ్వాదు కొండల నుంచి కూలికొచ్చిన తమిళుడికి తెలుగు అక్షరం రాదు. దేనికి జవాబు చెప్పుకోవాలో అతనికి ఎలా తెలుస్తుంది? హిందీ మాత్రమే తెలిసిన వ్యక్తికి ఇంగ్లిష్ కాగితాలిచ్చి నోటితో వివరించినా చాలదని 1962లోనే హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అతన్ని విడిచిపెట్టింది.

ఇవి చిన్న సాంకేతిక లోపాలనీ, వీటి చాటున స్మగ్లర్లు బయటపడుతున్నారనీ మన దగ్గర చాలామంది అంటారు. ఒప్పుకోను. విచారణే లేనప్పుడు ఆ మనిషికున్న రక్షణ ఈ కాగితమే. శేషాచలాన్ని నరికేవాళ్ల మీద నాకూ కోపముంది. అందుకు తిరుపతిలో ఎర్రచందనం కేసులకే ప్రత్యేక కోర్టు ఉంది కదా, అక్కడ రుజువు చేసి శిక్ష వేయించండి.

బోర్డు అభిప్రాయం లేకుండా నిర్బంధించే గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గిస్తూ 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఆ భాగాన్ని ఏ కేంద్ర ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు. ముందు అది తేవాలి. హెబియస్ కొట్టేసిన తీర్పు మీద అప్పీలును నెలలోపు విని తేల్చేలా సుప్రీంకోర్టు తనకు తానే గడువు పెట్టుకోవాలి.